టీవీలో రాని స్టార్ ట్రెక్

ఎంటర్‌ప్రైజ్ అంతరిక్ష నౌక తోక నుంచి దీపావళి రాకెట్‌లా మంటలు చిమ్ముతున్నాయి. టీవీలో ఆ నౌకను చూసినవాళ్లెవరైనా ఇదేం చోద్యం అనుకుంటారు. బొమ్మ వేసినవాళ్లకు మాత్రం ఆ అనుమానం రాలేదు. ఎందుకంటే వాళ్లు సీరియల్ చూడనే లేదు!

1967లో అమెరికాలోని గోల్డ్ కీ సంస్థ 'స్టార్ ట్రెక్' కామిక్‌ను 12 సెంట్ల ధరకు అంగళ్లలో పెట్టింది. బొమ్మల పని ఇటలీ చిత్రకారులకు అప్పగించింది. మొదట నెవియో జెక్కారా, ఆ తర్వాత చాలాకాలం అల్బెర్టో జియోలిట్టి వేశారు. వాళ్ల చేతిలో ఉన్నవల్లా కొన్ని ప్రచార ఫొటోలు. ముఖాలు, దుస్తులు వాటిలో కనిపిస్తాయి గానీ, నౌక ఎలా ఎగురుతుందో ఎలా తెలుస్తుంది? రచయితలూ తక్కువ తినలేదు. తొలి సంచిక ముగిసేసరికి ఎంటర్‌ప్రైజ్ ఒక గ్రహం మీది వృక్షజాతి మొత్తాన్ని కాల్చి బూడిద చేస్తుంది. కొత్త జీవాన్ని వెతుక్కుంటూ బయల్దేరిన నౌక చేయాల్సిన పనేనా అది!

అయినా జనం కొన్నారు. జీన్ రాడెన్‌బెరీ సృష్టించిన సీరియల్ 1966 సెప్టెంబర్ 8న ఎన్‌బీసీలో మొదలై, 79 ఎపిసోడ్లతో 1969 జూన్‌లో ఆగిపోయింది. గోల్డ్ కీ పత్రిక మాత్రం 1979 దాకా 61 సంచికలు వచ్చింది. 1973-74లో కొద్దికాలం యానిమేషన్‌గా కనిపించడం మినహాయిస్తే, ఆ పదేళ్లలో ఆ నౌక కెప్టెన్ కిర్క్, అతని సహచరుడు స్పాక్‌ల కొత్త సాహసాలు బొమ్మల్లో చూడాలంటే కామిక్సే దిక్కు. తర్వాతి రోజుల్లో వుల్వరిన్ పాత్రకు ప్రాణం పోసిన వారిలో ఒకరైన లెన్ వీన్ కూడా 1970ల్లో ఇక్కడ కథలు రాశాడు.

మన ఇళ్లలోకి ఆ నౌక 1980ల్లో దూరదర్శన్ పుణ్యమా అని ఆదివారం ఉదయాల్లో వచ్చింది. దాని కామిక్స్ మాత్రం తెలుగువాళ్లకు వరసలో దొరికే వస్తువు కాదు. హైదరాబాద్‌లో ఇంగ్లిష్ పుస్తకాలంటే కొత్తవాటికి బేగంపేట వాల్డెన్, పాతవాటికి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్. పాత పుస్తకాల గుట్టలో నాలుగో సంచిక దొరికితే అయిదోది ఉండదు. వాల్డెన్ ఇప్పుడు లేదు, ఆబిడ్స్ ఉంది.

సీరియల్‌కు కామిక్స్ అవసరం ఏమిటన్న ప్రశ్న తెలుగువాళ్లు అడగకూడదు. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. అభిమన్యుడికి ఆమెతో పెళ్లీ లేదు. 1957లో 'మాయాబజార్' చూసినవాళ్లెవరూ టికెట్ డబ్బులు వాపసు అడగలేదు. పెద్ద కథ ఎక్కడో ఒకచోట ఖాళీ వదులుతుంది, దాంట్లోకి తర్వాతివాళ్లు దూరతారు. చిక్కల్లా కథకు హక్కుదారు ఉన్నప్పుడే వస్తుంది. వ్యాసుడు లాయరు నోటీసు పంపడు. స్టార్ ట్రెక్ హక్కుదారు పారమౌంట్ పంపుతుంది.

ఆ చిక్కు డీసీ కామిక్స్‌కు బాగా తెలుసు. 1984లో దాని స్టార్ ట్రెక్ పత్రిక మొదలయ్యే నాటికి స్టార్ ట్రెక్ సినిమాలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. మూడో సినిమాలో ఎంటర్‌ప్రైజ్ పేలిపోయింది. రచయిత మైక్ బార్ కిర్క్‌కు ఎక్సెల్సియర్ అనే కొత్త నౌక ఇచ్చాడు, మతి చెదిరిన స్పాక్‌ను కోలుకునేలా చేసి మరో నౌకకు కెప్టెన్‌ను చేశాడు. కథ ఊపందుకుంది. అంతలో 1986లో నాలుగో సినిమా వచ్చింది. అది మూడో సినిమా ఆగిన చోటే మొదలైంది. అందరూ వల్కన్ గ్రహం మీదే ఉన్నారు, స్పాక్ ఇంకా తేరుకోలేదు. పాపం, కామిక్ ఏం చేస్తుంది? స్పాక్ మతి మళ్లీ చెడగొట్టి, ఎక్సెల్సియర్ వెనక్కి ఇప్పించి, అందరినీ తిరిగి వల్కన్‌కు చేర్చింది. పాఠకులు రెండేళ్లు డబ్బు పెట్టి చదివిన కథ అలా వెనక్కి నడిచింది. యానిమేషన్ నుంచి అరువు తెచ్చుకున్న అరెక్స్, ఎమ్‌రెస్ పాత్రల్నీ ఆ తర్వాత వాడొద్దని హక్కుదారులు ఆంక్ష పెట్టారు. రచయిత పీటర్ డేవిడ్‌కు ఆ కాపలాతో వేగడం కష్టమై చివరికి పత్రికే వదిలేశాడు.

మనవాళ్లు తప్పక చూడాల్సిన కామిక్ మరొకటి ఉంది. 1967 ఫిబ్రవరిలో ప్రసారమైన 'స్పేస్ సీడ్' ఎపిసోడ్‌లో ఖాన్ నూనియన్ సింగ్ అనే ప్రతినాయకుడు వస్తాడు. ఉత్తర భారతానికి చెందినవాడని, బహుశా సిక్కు అని నౌకలోని చరిత్రకారిణి అంచనా వేస్తుంది. ఆ పాత్ర వేసింది మెక్సికోలో పుట్టిన రికార్డో మోంటల్బాన్. సరే, 1967 కదా అని ఊరుకుందాం. 2013 సినిమా 'ఇంటు డార్క్‌నెస్'లో అదే ఖాన్‌గా తెల్లజాతి ఇంగ్లిష్ నటుడు బెనెడిక్ట్ కంబర్‌బాచ్ కనిపించేసరికి విమర్శలు వెల్లువెత్తాయి. అదే ఏడాది ఐడీడబ్ల్యూ సంస్థ మైక్ జాన్సన్ రచనతో అయిదు సంచికల 'ఖాన్' కామిక్ మొదలుపెట్టింది. కథ కోర్టులో తెరుచుకుంటుంది. రికార్డుల్లోని ఖాన్ ముఖానికీ బోనులో ఉన్నవాడి ముఖానికీ పొంతన లేదేమని అక్కడే ప్రశ్న పుడుతుంది. జవాబుగా భారతదేశంలో అతని బాల్యం, మనుషుల్ని మెరుగుపరిచే ప్రయోగం, నిద్రలోంచి లేపాక స్టార్‌ఫ్లీట్ అనే అంతరిక్ష దళపు రహస్య విభాగం అతని ముఖాన్ని, గొంతును, జ్ఞాపకాలను మార్చేయడం వరసగా వస్తాయి. కథగా అది అతుకుతుంది. కానీ నటుణ్ని ఎంచుకోవడంలో జరిగిన తప్పును కామిక్ రచయిత నెత్తిన వేసి కడిగించుకోవడం న్యాయం కాదు. సినిమాలో అడగాల్సిన ప్రశ్నకు కామిక్‌లో జవాబు చెప్పారు. ఆ కామిక్ చదివినవాళ్లెందరు, సినిమా చూసినవాళ్లెందరు?

భారతీయులకు ఇంతకంటే గౌరవమైన చోటు 1979 సినిమాలో దొరికింది. ముంబయికి చెందిన పెర్సిస్ ఖంబాటా లెఫ్టినెంట్ ఇలియాగా గుండు చేయించుకుని నటించింది. 1980లో మార్వెల్ తెచ్చిన కామిక్ తొలి మూడు సంచికల్లో ఆ సినిమా కథే ఉంది కాబట్టి, ఆమె పాత్రా బొమ్మగా నిలిచిపోయింది.

కామిక్ సత్తా తెలియాలంటే మాత్రం 2014 నాటి 'ద సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్' చదవాలి. ఇదే పేరున్న టీవీ ఎపిసోడ్‌కు హార్లన్ ఎలిసన్ రాసిన స్క్రిప్టును అప్పట్లో రాడెన్‌బెరీ బృందం బాగా మార్చేసింది. 1967 ఏప్రిల్‌లో ప్రసారమైన రూపానికి హ్యూగో అవార్డు వచ్చింది. ఎలిసన్ అసలు స్క్రిప్టుకు రచయితల సంఘం పురస్కారం దక్కింది. అయినా ఆయన కోపం జీవితాంతం చల్లారలేదు. ఆ అసలు స్క్రిప్టును దాదాపు అర్ధశతాబ్దం తర్వాత టిప్టన్ సోదరులు, చిత్రకారుడు జె.కె.వుడ్‌వర్డ్ అయిదు సంచికల్లో బొమ్మకట్టారు. ఎంటర్‌ప్రైజ్‌లోనే మాదకద్రవ్యాలు అమ్మే సిబ్బంది ఒకడుంటాడని టీవీ చెప్పనివ్వలేదు. కామిక్ చెప్పింది.

బీబీసీ సీరియల్ 'డాక్టర్ హూ'లో దారి తిరగబడి కామిక్ నుంచి టీవీకి నడిచింది. 1980లో ఆ సీరియల్ వారపత్రికలో 'ద స్టార్ బీస్ట్' వచ్చింది. రచన పాట్ మిల్స్, బొమ్మలు తర్వాత 'వాచ్‌మెన్' గీసిన డేవ్ గిబ్బన్స్. అందులో ముద్దుగా, బొచ్చుబొచ్చుగా కనిపిస్తూ లోపల పరమ కిరాతకమైన బీప్ ద మీప్ అనే జీవి ఉంది. 1989లో సీరియల్ ఆగిపోయినా పత్రికలో బొమ్మల కథ మాత్రం ఆగలేదు. 2005లో టీవీ మళ్లీ మొదలైంది. 2023 నవంబర్ 25న, అరవయ్యేళ్ల పండుగకు, టీవీ ఆ కామిక్ కథనే తీసుకుని ఎపిసోడ్ చేసింది.

ఇదంతా పరాయి వ్యవహారమని బేగంపేటలో కూర్చుని అనుకోనక్కర్లేదు. 'కల్కి 2898 ఏడీ' సినిమా విడుదలకు ముందు, 2024 మే 31న, ప్రభాస్ పాత్రకూ అతని వాహనానికీ ముందుకథగా 'బుజ్జి అండ్ భైరవ' యానిమేషన్ రెండు భాగాలుగా ప్రైమ్‌లో వచ్చింది. చేసింది 'ఛోటా భీమ్' సృష్టికర్తలైన గ్రీన్ గోల్డ్, హైదరాబాద్ సంస్థే. గీయగల చేతులు ఇక్కడే ఉన్నాయి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల త్రీడీ, వీఎఫ్‌ఎక్స్ కోర్సుల బోర్డులకూ కొదవ లేదు. కల్కి కాశీ గోడల వెనక టీవీకి, సినిమాకు ఖర్చు గిట్టుబాటు కాని కథలు బోలెడున్నాయి. కాగితం మీద లక్షమంది సైన్యానికీ, ఒక్క మనిషికీ సిరా ఖర్చులో పెద్ద తేడా ఉండదు. రెండో భాగం వచ్చేలోపు నిర్మాతలు వాటిని తెలుగులోనే, పిల్లలు కొనగల ధరకు, వరస తప్పకుండా దొరికే కామిక్‌గా వేయాలి.