ఎటు ఊపినా ఎక్కే కీ

చేతి కదలికతోనే కీ ఎక్కే ఆటోమేటిక్ వాచీని వెనక గాజులోంచి చూపిస్తే తెలివైన పిల్లలు తప్పకుండా అడుగుతారు: "చెయ్యి అటూ ఇటూ ఊగుతుంది కదా సార్, ఎక్కిన కీ మళ్ళీ దిగిపోదా?" ఈ ప్రశ్నకు నాకు నచ్చిన జవాబు ఆల్బర్ట్ పెల్లాటన్‌ది. స్విట్జర్లాండ్‌లోని షాఫ్‌హౌజెన్‌లో ఐడబ్ల్యూసీ వాచీల కంపెనీకి సాంకేతిక అధిపతిగా ఉండేవాడాయన. ఆయన పద్ధతి 1950లో వాచీల్లోకి వచ్చింది.

మణికట్టు కదిలితే తన బరువుకు తానే తిరిగే బిళ్ళ రోటర్. పెల్లాటన్ దాని ఇరుసుకు కామ్ అనే హృదయాకారపు పలక బిగించి, అటొకటి ఇటొకటి రెండు బుల్లి రోలర్లు ఆనించాడు. రోలర్లు రెండూ ఒకే ఊగుడు పట్టీ మీదివి. ఆ ఆకారం ఊరికే పెట్టింది కాదు. ఇరుసు మీదుగా ఏ కోణంలో కొలిచినా దాని అడ్డుకొలత ఇంచుమించు ఒకటే, అందుకే రోలర్లు రెండూ ఎప్పుడూ కామ్‌ను అంటిపెట్టుకునే ఉంటాయి. రోటర్ ఎటు తిరిగినా పట్టీకి తెలిసేది ఊగడం ఒక్కటే. పట్టీకి రెండు కొక్కేలు. ఒకటి కీ ఎక్కించే చక్రం పన్ను పట్టి లాగుతుంటే, రెండోది తొక్కడం ఆపిన సైకిల్ ఫ్రీవీల్‌లోలాగా పళ్ళ మీదుగా జారిపోతుంది. ఊపు మళ్ళగానే జారినది లాగుతుంది, లాగినది జారుతుంది. చక్రం మాత్రం ఎప్పుడూ ఒకేవైపు తిరుగుతుంది.

1959లో మరో వాచీ కంపెనీ సీకో రోలర్లనూ పట్టీనీ తీసిపారేసింది. కేంద్రానికి పక్కగా తిరిగే పిన్నుకు రెండు కాళ్ళ లీవర్ ఒకటి తగిలించి, దానికి మ్యాజిక్ లీవర్ అని పేరు పెట్టింది. చవకైన సీకో 5లో ఉండేదీ అదే. పొదుపులో సీకోదే పైచేయి. నా మనసు మాత్రం ఆ హృదయాకారాన్ని వదలదు.

దాని పనితనం తెలియాలంటే పెద్ద వాచీల సంగతి చెప్పాలి. పెద్ద వాచీ కొనేవాళ్ళు డయల్ కన్నా ముందు లోపలి యంత్రం, అంటే మూవ్‌మెంట్, కొలత అడగాలి. చాలా పెద్ద కేసుల్లో ఉండేది 25.6 మి.మీ. మూవ్‌మెంటే, చుట్టూ ఉన్నది ఖాళీ నింపే రింగు. చిన్న సెకన్ల డయల్, తేదీ కిటికీ అంచుకు దూరంగా నడిమధ్యకు జరిగి ఉంటే అనుమానించండి. ఐడబ్ల్యూసీ వాళ్ళ బిగ్ పైలట్ వాచీలో ఆ బెడద లేదు. 1940లో జర్మన్ వైమానిక దళ నావిగేటర్లకు చేసిన దాని పూర్వరూపం 55 మి.మీ. ఉండేది, ఎందుకంటే లోపల ఉన్నది జేబు గడియారపు మూవ్‌మెంట్. 2002లో 46.2 మి.మీ.తో వచ్చిన బిగ్ పైలట్‌లో మూవ్‌మెంటే దాదాపు 38 మి.మీ.

అందులోని పొడవాటి స్ప్రింగు ఏడు రోజులు నడిపిస్తుంది. ఇంకా శక్తి మిగిలి ఉండగానే వాచీ ఆగిపోయేలా కావాలనే చేశారు. స్ప్రింగు నీరసిస్తే బ్యాలెన్స్ చక్రం ఊపు తగ్గి టైము తప్పుతుంది మరి. అంత స్ప్రింగు నిండాలంటే చేతి చిన్న కదలిక కూడా వృథా కాకూడదు, పెల్లాటన్ పద్ధతి అక్కరకొచ్చేది ఇక్కడే. రోజూ పెట్టుకునేవాళ్ళకు ఏడు రోజుల నిల్వ ఎందుకంటారా? ఎందుకూ అక్కర్లేదు.

తర్వాత కామ్, కొక్కేలు అరగకుండా సిరామిక్‌తో చేశారు. 2021లో సన్నటి మణికట్టువాళ్ళకు 43 మి.మీ. రకం వచ్చింది. పెల్లాటన్ అందులోనూ ఉన్నాడు, నిల్వ మాత్రం 60 గంటలే. నన్నడిగితే అదే తీసుకోమంటాను. పెద్దది చొక్కా కఫ్ కిందికి దూరదు.