ఇంటికొచ్చే గాజు తీగ

అక్కలారా! కరెంటు స్తంభాల మీద సన్నటి నల్ల తీగ ఒకటి చూశారా? అది ఫైబర్ తీగ. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో మొదలైంది. నేల తవ్వే ఖర్చు లేకుండా ఈ తీగను చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే లాగారు.

దీని లోపల రాగి లేదు. తలవెంట్రుకంత సన్నటి గాజు పోగు ఉంది! అందులో వెలుగు పోతుంది. వెలుగు పెరిగితే 1, తగ్గితే 0. మాట, పాట, బొమ్మ, అన్నీ ఈ రెండు అంకెలతోనే వస్తాయి. మనం 56 అక్షరాలు నేర్చుకున్నాం. దానికి రెండే చాలు!

స్తంభం మీది పెట్టె నుంచి మన ఇంటికి విడిగా ఒక తీగ లాగుతారు. గోడకు బెజ్జం వేసి లోపలికి తెస్తారు. లోపల పెట్టె ఎక్కడ బిగించాలో మీరే చెప్పండి. పొయ్యి దగ్గర వద్దు. నీళ్లు పడే చోట వద్దు. తీగను మడిచి మేకుకు చుట్టనివ్వకండి. మడత దగ్గర వెలుగు బయటికి పోతుంది. గాజు విరిగినా విరుగుతుంది. తీగ మీద బట్టలు ఆరేయకండి.

తీగ కోసినప్పుడు గాజు ముక్కలు రాలతాయి. అవి కంటికి ఆనవు, కాళ్లలో గుచ్చుకుంటాయి. పనిచేసినతన్నే ఏరి తీసుకుపొమ్మనండి. తీగ కొసలోకి కన్ను పెట్టి చూడకూడదు.

గాలివానకు తీగ తెగిపడిందనుకోండి. గాజులో కరెంటు పారదు కదా అని పట్టుకోకండి! కొన్ని తీగల్లో బరువు మోయడానికి ఉక్కు కమ్మీ ఉంటుంది. అది కరెంటు తీగకు తగిలి ఉంటే ప్రాణమే పోతుంది. పిల్లల్ని, గొడ్లను దూరంగా ఉంచండి. లైన్‌మన్‌కు కబురు పెట్టండి. లేదా 1912కు ఫోను చేయండి.