పక్కపక్క పిన్ కోడ్‌లు, పొంతన లేని లెక్కలు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ వెంటనే ఎల్బీనగర్. మూడో స్టేషనే. పిన్ కోడ్‌లూ అంతే దగ్గర: 500060, 500074. తేడా 14. ఉత్తరాలు చేరాల్సిన చోటికి చేరాలని 1972 ఆగస్టు 15న మొదలైన కోడ్‌లివి. వాటినే ఐదు లక్షల అరవై, ఐదు లక్షల డెబ్భై నాలుగు అని సంఖ్యలుగా చదివి చూడండి, ఒకదానికొకటి పోలికే ఉండదు.

దిల్‌సుఖ్‌నగర్ సంఖ్యను శేషం లేకుండా భాగించేవి 24 ఉన్నాయి. చివర సున్నా ఉంది కనుక 10తో ఎలాగూ పోతుంది. 11తోనూ పోతుందని చూడగానే తట్టదు. ఒకటి విడిచి ఒకటి అంకెలు కూడితే 5, 0, 6 కలిసి 11; మిగిలిన మూడూ సున్నాలే. తేడా 11 వచ్చింది కాబట్టి పోయినట్టే. మొత్తం విడగొడితే 2×2×5×11×2273. 500060ను పక్కన పెట్టి మిగతా 23 భాజకాలనూ కూడితే 6,46,036. అసలుకే మించిపోయింది!

ఎల్బీనగర్‌కు మాత్రం నాలుగే: 1, 2, 250037, 500074. ఈ 250037 ప్రధాన సంఖ్య. దాని వర్గమూలం 500 కంటే పిసరంత ఎక్కువ. అందుకే 500 లోపున్న 95 ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. కాగితం మీద వరసగా వేసుకుంటూ వెళ్లాను. 17 దగ్గర శేషం 1. అయ్యో, తప్పింది అనుకున్నాను. 479 దగ్గర అయితే ఊపిరి బిగబట్టాను: 479ని 522తో గుణిస్తే 250038. ఒక్కటంటే ఒక్కటి తేడా! 499 దగ్గర 38 మిగిలాక గానీ నమ్మకం కుదరలేదు.

భాజకాల్లో ఈ రెండు పేటలనూ మించింది, ఆ పక్కనే ఉన్న వనస్థలిపురం. 500070 అంటే 2×3×5×79×211, భాజకాలు 32.

నాకు అన్నిటికంటే ముచ్చటేసింది వర్గాల సంగతి. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క రకంగా వస్తుందని 1640లో ఫెర్మా చెప్పాడు. తర్వాత ఆయిలర్ నిరూపించాడు. 250037 అలాంటిదే: 361 వర్గం, 346 వర్గం కలిపితే వస్తుంది. దాన్ని రెట్టింపు చేస్తే ఏమవుతుందో అంతకు వెయ్యేళ్ల ముందే, 628 నాటి బ్రహ్మగుప్తుడి సూత్రంలో ఉంది. 361, 346లను కూడితే 707, తీసేస్తే 15. 707 వర్గం 4,99,849. దానికి 15 వర్గం 225 కలపండి: 500074, అచ్చంగా ఎల్బీనగర్!

దిల్‌సుఖ్‌నగర్ సంఖ్యను ఇలా రెండు వర్గాలుగా ఎంత ప్రయత్నించినా విడదీయలేం. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్య జతగా కాక ఒంటరిగా ఉంటే అది కుదరదు. 2273తో ఇబ్బంది లేదు. అడ్డుపడేది 5, 6 కలిసి పట్టిచ్చిన ఆ 11 ఒక్కటే.