ఎత్తు టవరుది, పట్టు తీగది

సరదా కోసం సొంత రేడియో కేంద్రం నడిపే హామ్ రేడియో వాళ్లు ఇద్దరు కలిస్తే సెట్టు ఖరీదెంతని అడగరు, యాంటెనా ఎంత ఎత్తున ఉందని అడుగుతారు. ఆ ప్రశ్నలో గొప్పలు పోవడం కొంత ఉన్నా, లెక్క కూడా ఉంది. షార్ట్‌వేవ్ యాంటెనా నేలకు కనీసం సగం తరంగదైర్ఘ్యం ఎత్తున ఉంటే సిగ్నలు నెత్తి మీదికి కాకుండా దిగంతం వైపు వాలుగా పోతుంది, సముద్రాలు దాటుతుంది. 20 మీటర్ల బ్యాండుకు 10 మీటర్ల ఎత్తు చాలు. అంటే మూడంతస్తుల మేడ. అదే 160 మీటర్ల బ్యాండు మీద మోజు పడినవాడికి 80 మీటర్లు కావాలి. వింతలన్నీ ఆ మోజు దగ్గరే మొదలవుతాయి.

తిరిగే టవరు

ఫిన్లాండ్ ఉత్తర భాగంలో ఊలు నగరం దగ్గర రేడియో ఆర్కలా అనే హామ్ బృందం 100 మీటర్ల టవరు ఒకటి నిలబెట్టింది. దాని మీద 160 మీటర్ల బ్యాండుకు మూడు కడ్డీల యాగీ, 80 మీటర్ల బ్యాండుకు ఐదు కడ్డీల యాగీ. యాగీ అంటే మనకు కొత్తదేమీ కాదు. 1980ల్లో దూరదర్శన్ కోసం డాబాల మీద నిలబెట్టి, బొమ్మ పోయినప్పుడల్లా పిల్లల్ని పైకెక్కించి తిప్పించిన అల్యూమినియం కడ్డీల యాంటెనా అదే. జపాన్‌లోని సెండాయ్‌లో ఉడా, యాగీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1920ల్లో కనిపెట్టారు. తరంగం పొడవు పెరిగితే కడ్డీ పొడవూ పెరగాలి కాబట్టి, ఆర్కలాలో ఒక్కో కడ్డీ పదుల మీటర్లకు సాగింది. ఇంత భారాన్ని కొనకు బిగించి తిప్పగల మోటారు లేదు. అందుకని వాళ్లు మొత్తం టవరునే మొదలంటా తిరిగేలా కట్టారు. అంతా కలిపి 40 టన్నులకు దగ్గర. ప్రపంచంలోనే అతి పెద్ద హామ్ యాంటెనా అని దానికి పేరొచ్చింది. ఆ పేరు మాసిపోకముందే తుపాను గాలి దాన్ని కూల్చేసింది.

అంత శ్రమ గాలికి పోయిందే అని జాలిపడేవాళ్లుంటారు. టవర్ల చరిత్ర తిరగేసినవాళ్లకు మాత్రం ఆశ్చర్యం వేయదు. ఈ రంగంలో కూలడం కూడా ఒక రికార్డే.

రారాజు పతనం

హామ్‌ల లోకం కాసేపు పక్కనపెట్టి అసలు రారాజును చూద్దాం. పోలండ్‌లో కాన్‌స్టాంటినోవ్ అనే ఊరి దగ్గర 1974లో పూర్తయిన వార్సా రేడియో మాస్టు ఎత్తు 646.38 మీటర్లు. దుబాయ్‌లో బుర్జ్ ఖలీఫా లేచేదాకా మనిషి కట్టినవాటిలో అంతకు మించినది లేదు. 1991 ఆగస్టు 8న అది నడిమికి విరిగి పడిపోయింది. యుద్ధం కాదు, భూకంపం కాదు. మాస్టును పక్కల నుంచి లాగి పట్టే తీగలు, అంటే స్టే వైర్లు, పాతబడ్డాయని మారుస్తున్నారు. పాత తీగ విప్పి కొత్తది బిగించే నడుమ వేళలో ఒక్కసారిగా గాలి విసిరింది, మాస్టు మెలితిరిగింది. అదృష్టం కొద్దీ ఎవరి ప్రాణమూ పోలేదు. మరమ్మతు చేస్తుండగా కూలిపోయిన ప్రపంచ రికార్డు బహుశా ఇదొక్కటే.

అమెరికాలోని నార్త్ డకోటాది ఇంకో తీరు. అక్కడ ఒకదానికొకటి దగ్గర్లోనే రెండు టీవీ మాస్టులు, కట్టినప్పుడు రెండూ దాదాపు 628 మీటర్లు. బ్లాంచర్డ్ దగ్గరి దాన్ని 1963లో పదకొండు మంది కలిసి 30 రోజుల్లో నిలబెట్టారు. మన దగ్గర ఒక ప్రహరీగోడకు పట్టే కాలం! గేల్స్‌బర్గ్ దగ్గరి రెండోదానికి మాత్రం జాతకం బాగాలేదు. 1968 ఫిబ్రవరిలో ఒక హెలికాప్టర్ దాని స్టే వైర్లకు తగిలింది. నలుగురు చనిపోయారు, మాస్టు నేలకూలింది. మళ్లీ కట్టారు. 1997 ఏప్రిల్‌లో మంచు పేరుకుని మళ్లీ కూలింది. మళ్లీ కట్టారు. ఆ పట్టుదలకు దండం పెట్టాల్సిందే.

మన దేశంలో అన్నిటికన్నా ఎత్తైన కట్టడాలు తమిళనాడులోని తిరునల్వేలి జిల్లాలో ఉన్నాయి. అవి ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ నౌకాదళ కేంద్రంలోని రేడియో మాస్టులు, 471 మీటర్లు. నీటి అడుగున ఉండే జలాంతర్గాములకు కబురు పంపాలంటే మైళ్ల పొడవు తరంగాలు కావాలి, వాటికి తగ్గ కొలతలో యాంటెనా కావాలి. అలాంటిదే రెండో కేంద్రానికి వికారాబాద్ జిల్లా దామగుండంలో 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది.

తీగ లెక్క

ఇంటి వెనక నిలబెట్టే హామ్ టవరు వీటి ముందు మరుగుజ్జు. కానీ సూత్రం అదే. సన్నని మూడుకాళ్ల ఇనుప చట్రం కిందికి నొక్కే బరువును మాత్రమే మోస్తుంది. పక్క నుంచి తోసే గాలిని మోసేవి స్టే వైర్లు. మూడు దిక్కులకు సమాన కోణంలో లాగి కడతారు. టవరు ఎత్తులో ఎనభై శాతం దూరంలో నేలలో లంగరు వేయడం రివాజు. అంటే 30 మీటర్ల టవరుకు మొదలు నుంచి 24 మీటర్ల అవతల, అదీ మూడు వైపులా. హైదరాబాద్‌లో 200 గజాల ప్లాటు ఉన్న హామ్ ఈ లెక్క విని నిట్టూర్చి, డాబా మీద గొట్టం పాతుకుంటాడు. టవరుకు అనుమతి అడగాలన్నా ముందు ఆ జాగా ఉండాలి కదా!

తీగను బిగించడంలోనూ ఒక లెక్క ఉంది. అది తెగే బలంలో దాదాపు పది శాతానికి లాగి బిగించాలి. వదులైతే గాలికి టవరు ఊగుతుంది. మరీ బిగిస్తే ఆ బిగువంతా టవరు మీదే నిలువు బరువై కూర్చుంటుంది. ఒక్క తీగను ఒక్క పొడవున కట్టరు కూడా. రేడియో తరంగాలకు అదే యాంటెనాగా మారి అసలు దాని పని చెడగొడుతుంది గనుక, ముక్కలు చేసి మధ్యలో గుడ్డు ఆకారపు పింగాణీ బిళ్లలు వేస్తారు. వీధి చివర కరెంటు స్తంభం స్టే వైరుకు ఉండే బిళ్ల ఆ కుటుంబంలోదే, కాకపోతే అక్కడది షాకు కొట్టకుండా. ఈ బిళ్లల తమాషా ఏమిటంటే, రెండు తీగలూ ఒకదాని ఉచ్చులోంచి ఒకటి పోతాయి. బిళ్ల పగిలినా తీగలు ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. ఏ అజ్ఞాత ఇంజినీరుకు తట్టిందో గానీ, ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఆ బిళ్లే.

తుప్పు పైన కనపడితే భయం లేదు, జింకు పూత పోయిందని తెలిసిపోతుంది. ప్రమాదమంతా మట్టిలో దిగిన లంగరు కడ్డీది. పైకి నిగనిగలాడుతూ లోపల సన్నబడిపోతుంది. పిడుగుల కోసం పక్కనే రాగి కడ్డీ పాతి తీగతో కలిపితే తడి మట్టిలో అదొక బ్యాటరీలా పనిచేసి ఇనుమును తినేస్తుంది. అనుభవజ్ఞులు అందుకే అప్పుడప్పుడు మట్టి తవ్వి చూస్తారు. టవరు కాళ్లు గొట్టాలైతే అడుగున నీరు పోయే రంధ్రం మూసుకుపోకూడదు. చలిదేశాల్లో లోపల నిలిచిన నీరు గడ్డకట్టి గొట్టాన్ని చీల్చేస్తుంది.

ఇక గాలి. భారత ప్రమాణాల పట్టికలో నిర్మాణాలకు లెక్కగట్టే మూల గాలి వేగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50. తేడా ఆరే కదా అనిపిస్తుంది. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అదే టవరు మీద విశాఖలో దాదాపు ముప్పై శాతం ఎక్కువ బలం పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసిన ఊరికి ఈ పట్టిక ఎవరూ వివరించనక్కర్లేదు.

పైకెక్కే కళ

అమెరికా పెరళ్లలో కనిపించే రోన్ టవరు ముక్క 10 అడుగులు, 18 కిలోలు. దాన్ని క్రేను లేకుండానే పేరుస్తారు. కప్పీ ఉన్న గొట్టం ఒకటి, జిన్ పోల్ అంటారు, అప్పటికి నిలిచిన ముక్క అంచుకు బిగిస్తారు. కింద ఉన్నవాళ్లు మోకు లాగితే తర్వాతి ముక్క పైకొస్తుంది. పైనున్నవాడు దాన్ని గూట్లో కూర్చోబెట్టి బోల్టు వేసి, జిన్ పోల్‌ను ఇంకో మెట్టు పైకి జరుపుకుంటాడు. నడుముకు రెండు తాళ్లు, ఏ క్షణానైనా ఒకటి టవరుకు తగిలించే ఉండాలి. తీగ మార్చాలంటే ముందు తాత్కాలిక తీగ కట్టి, తర్వాతే పాతది విప్పాలి. పోలండ్‌లో రారాజును పడగొట్టింది సరిగ్గా ఆ ఘట్టమే.

ఎత్తు లేకపోయినా

ఎత్తైన టవరు లేకుండా పని కాదని మాత్రం అనుకోకండి. 1901లో మార్కోని అట్లాంటిక్ దాటించడానికి ఇంగ్లండ్‌లోని పోల్దూలో వలయాకారంగా ఇరవై మాస్టులు నిలబెట్టాడు, ఒక్కొక్కటి 200 అడుగులు. కొసల్ని ఒకదానికొకటి కట్టేశాడు. సెప్టెంబరు గాలివానకు ఒకటి పడితే మిగతావీ దాని వెంటే పడ్డాయి. అమెరికా వైపు కేప్ కాడ్‌లో కట్టినవీ నవంబరులో కూలాయి. డిసెంబరు 12న న్యూఫౌండ్‌లాండ్ కొండ మీద ఆయన గాలిపటానికి తీగ కట్టి ఎగరేసి, సముద్రం అవతలి నుంచి వచ్చిన మూడు చుక్కల అక్షరం విన్నానన్నాడు. నిజంగా విన్నాడా అని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు.

1921 డిసెంబరులో పాల్ గాడ్లీ అనే అమెరికన్ స్కాట్లాండ్ తీరాన గుడారం వేసుకుని, గుంజల మీద వందల అడుగుల పొడవున తీగ పరిచి, స్వదేశపు అమెచ్యూర్లు, అంటే హామ్‌లు, పంపిన సంకేతాలను పట్టాడు. ఆ తీగ ఎత్తు మహా అయితే మనిషికి రెండింతలు.

హామ్‌ల ప్రపంచ జట్టు పోటీలు, 1990లో సియాటిల్‌లో మొదలైనవి, ఇప్పుడు జరిగే తీరు చూస్తే నవ్వొస్తుంది. ఎవరి టవరు పొడవో వాళ్లకే గెలుపు అన్న గొడవ వద్దని, అన్ని జట్లకూ ఒకే రకం టవరు, ఒకే యాంటెనాలు ఇచ్చి, మిగిలింది మీ చెవుల పని అంటారు.

ఎత్తు చేసే చెరుపు చూడాలంటే ఈక్వెడార్ రాజధాని క్విటోకు వెళ్లాలి. సముద్రమట్టానికి 2,850 మీటర్ల ఎత్తున ఉన్న ఆ నగరంలో హెచ్‌సీజేబీ అనే మిషనరీ రేడియో కేంద్రానికి 1940ల్లో ఒక చిక్కొచ్చింది. పలుచని గాలిలో యాంటెనా కడ్డీల కొసల నుంచి రాత్రిళ్లు నిప్పులు చిమ్మేవి, అల్యూమినియం కరిగి కారేది. క్లారెన్స్ మూర్ అనే ఇంజినీరు 1942లో తలపట్టుకుని ఆలోచించాడు. కొసలుంటేనే కదా నిప్పు! తీగను చతురస్రంగా చుట్టి కలిపేస్తే కొసే ఉండదు. అలా పుట్టినదే క్వాడ్ యాంటెనా. పేద హామ్‌కు యాగీ కన్నా చౌక కూడా, వెదురు కర్రల మీద తీగ చుట్టినా పలుకుతుంది.

పళ్లేలు, తీగలు

ప్యూర్టోరికోలోని అరెసిబో 305 మీటర్ల పళ్లెం (డిష్) యాంటెనా హామ్‌లది కాదు, ఖగోళశాస్త్రానిది. 2010 ఏప్రిల్‌లో హామ్‌లకు అప్పిచ్చారు. చంద్రుడికి తగిలి తిరిగొచ్చిన దాని గొంతు ఎంత గట్టిగా వినిపించిందంటే, చేత్తో పట్టుకునే చిన్న యాగీతో కూడా విన్నవాళ్లున్నారు. 2020 ఆగస్టులో దాని తీగ ఒకటి ఊడింది, నవంబరులో మరొకటి తెగింది, డిసెంబరు 1న 900 టన్నుల వేదిక పళ్లెం మీద పడింది.

నెదర్లాండ్స్‌లోని ద్వింగెలో కథ ఇందుకు తలకిందులు. 1956లో 25 మీటర్ల పళ్లెంతో ప్రపంచంలోనే పెద్దదిగా మొదలై, పాతబడి, తుప్పుపట్టి మూలపడింది. హామ్‌లు, ఔత్సాహిక ఖగోళవేత్తలు ఒక సంస్థగా ఏర్పడి దాన్ని చేతుల్లోకి తీసుకున్నారు. 2012లో పళ్లెం దింపి, తుప్పు గీకి, రంగు వేసి తిరిగి ఎక్కించారు. 2024లో అదే పళ్లెంతో సుమారు 2,500 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న వాయేజర్ 1 సన్నని సంకేతాన్ని పట్టారు.

మన వైపు పేర్లు

1983లో హైదరాబాద్‌లో మొదలైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 2004 డిసెంబరులో అండమాన్‌కు ఒక బృందాన్ని పంపింది. చాలా కాలంగా హామ్ సంకేతాలు వినపడని ఆ దీవుల నుంచి ప్రపంచాన్ని పలకరించడం వాళ్ల సరదా. భారతీ ప్రసాద్ నాయకత్వంలో పోర్ట్‌బ్లెయిర్‌లో హోటల్ నుంచి పలుకుతుండగా 26న సునామీ వచ్చింది. సరదా పోయి, ఎవరు బతికున్నారో చెప్పే కబుర్లు మొదలయ్యాయి. నెలలు పట్టి కట్టిన టవరు కాదు, సంచుల్లో మోసుకెళ్లిన యాంటెనాలతోనే ఆ పనంతా జరిగింది.

ఈ టవర్లన్నిటికన్నా ఎత్తున పలికిన మన హామ్ యాంటెనా మాత్రం శ్రీహరికోట నుంచి వెళ్లింది. 2005 మే 5న పీఎస్ఎల్‌వీ సీ6 మీద, కార్టోశాట్ 1కు తోడుగా, 42.5 కిలోల హామ్‌శాట్ కక్ష్యకు చేరింది. దానికి స్టే వైరు అక్కర్లేదు, గాలి లేదు, తుప్పు లేదు. తొమ్మిదేళ్లకు పైగా హామ్‌ల మాటలు అటూ ఇటూ చేరవేసి, 2014 జులైలో బ్యాటరీలు పాడై మూగబోయింది. ఎక్కి మార్చే వీలున్న టవరు కాదు కదా!