మూలాల పాటలో డప్పు వాటా

రాక్ సంగీతం వినే విద్యార్థి మిత్రులకు 'బెగ్గర్స్ బాంక్వెట్' ఆల్బం తెలిసే ఉంటుంది. 1967లో చిత్రవిచిత్ర శబ్దాలతో ఒక రికార్డు తెచ్చిన రోలింగ్ స్టోన్స్ బృందం, ఏడాది తిరిగేసరికి, 1968 డిసెంబర్‌లో, ఆ హంగులన్నీ పక్కనపెట్టి ఈ ఆల్బంతో అమెరికా నల్లవాళ్ల బ్లూస్‌కు మళ్లింది. మూలాలకు మళ్లిందని విమర్శకులు మెచ్చుకున్నారు. అందులో 'ప్రోడిగల్ సన్' పాట రాబర్ట్ విల్కిన్స్ అనే నల్లజాతి గాయకునిది. దాని తొలి రూపాన్ని ఆయన 1929లోనే రికార్డు చేసిండు. ఆల్బం అట్టమీద మాత్రం మొదట జాగర్, రిచర్డ్స్ పేర్లే అచ్చయినయి. తర్వాత దిద్దుకున్నరనుకోండి.

ఇంత దూరపు ముచ్చట మనకెందుకంటే, మన దగ్గర మూలాలంటే కులాలే. పాట మూలానికి పోవడమంటే ఏదో ఒక వాడకు పోవడమే.

ఒకప్పుడు సంగారెడ్డి కేంద్రంగా ఉన్న మెదక్ జిల్లాలోని తూప్రాన్‌లో పుట్టినవాడు గద్దర్. 1972లో మొదలైన జననాట్యమండలికి ముందున్న నమూనా 1940ల నాటి ప్రజానాట్యమండలి, నాజర్ బుర్రకథ. అక్కడ మొదలైన మండలి ప్రదర్శనలోకి క్రమంగా పల్లె బాణీలు, గొంగడి, గజ్జెలు, డప్పు వచ్చి చేరినయి. గొంగడి కురుమలది, బాణీలు నాట్లేసే, కలుపుతీసే ఆడవాళ్లవి, డప్పు మాదిగలది. స్టోన్స్‌తో పోలిక ఇక్కడ పూర్తిగా అతకదు. 2023లో కన్నుమూసిన గద్దర్ స్వయంగా దళితుడు, పరాయి వాకిట్లోంచి ఎత్తుకొచ్చినవాడు కాదు. అయినా మా ప్రశ్న మిగిలే ఉంది.

డప్పు సంగతి కొంచెం విప్పి చెప్పుకోవాలి. కట్టె చట్రానికి తోలు బిగించి, మంట దగ్గర కాచి, ఒక చేత సిర్ర, ఇంకో చేత సిటికెన పుల్ల పట్టి వాయిస్తారు. తోలు శుభ్రం చేసిన చేతులే డప్పు కొట్టినయి. చావుకు, జాతరకు, ఊరి చాటింపుకు కొట్టడం మాదిగకు కళ కాదు, వెట్టి. రానంటే తిట్లు, దెబ్బలు. అట్లాంటి వాద్యం ఉద్యమ వేదిక ఎక్కడం చిన్న విషయమేం కాదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ ఉద్యమమైతే ఏకంగా దండోరా అనే పేరే పెట్టుకుంది. అవమానపు గుర్తే జెండా అయింది.

మరి వాయించేవాళ్ల సంగతి? పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల ముందు సమ్మె టెంటు పడితే జనాన్ని పోగేసేది డప్పే. కొట్టేది చాలాసార్లు కాంట్రాక్టు కూలికి పోయే మాదిగ యువకుడే. కరపత్రంలో వక్తల పేర్లు, హోదాలు వరసగా ఉంటయి. అతనికి మాత్రం 'డప్పు కళాకారులు' అన్న ఒక్క ముక్క. అదే మనిషి ఊర్లో చావైతే డ్యూటీ మానుకొని పోయి కొట్టాలె. పోకపోతే మాటపడాలె.

డప్పు పూర్తిగా మానెయ్యాలని కొందరు, గర్వంగా కొట్టాలని కొందరు వాదిస్తున్నరు. చావుకు కొట్టనని చెప్పే హక్కు, సభలో కొడితే కూలీ, పేరూ అడిగే హక్కు రెండూ వాయించే మనిషివే అని మేం అనుకుంటున్నాం. 1979 నాటి 'మాభూమి' సినిమాలో గద్దర్ పాడిన పాటను జనం ఇప్పటికీ బండి యాదగిరి పాటగానే చెప్పుకుంటరు. రాసినవాడికి దక్కిన ఈ మర్యాద సిర్ర పట్టిన చేతికి మన కరపత్రాల్లోనైనా ఎందుకు దక్కదు?