మెమరీ బోలెడు... అయినా చాలదట!

పాత పెంటియమ్‌లో 64 ఎంబీల మెమరీ ఉన్నా 'చాలదు' అంటుంది. కొత్త కంప్యూటర్లో అయితే అసలు తెరుచుకోనే తెరుచుకోదు. డాస్‌ కాలం నాటి డేటాబేస్‌ సాఫ్ట్‌వేర్లతో వచ్చే తంటా ఇది. దుకాణం ఖాతాలూ బడి రికార్డులూ అందులోనే ఉండిపోయినవారు కంగారు పడక్కర్లేదు. ఆ మొండిఘటాల్ని దారికి తెచ్చే కిటుకులున్నాయి.

ఒకప్పుడు వీధి చివరి కంప్యూటర్‌ సెంటర్లో చేరితే డీబేస్‌, ఫాక్స్‌ప్రో నేర్చుకోవాల్సిందే. అమెరికాలోని జెట్‌ ప్రొపల్షన్‌ ల్యాబొరేటరీలో పనిచేసే వేన్‌ రాట్లిఫ్‌ 1970ల్లో రాసిన 'వల్కన్‌' అనే ప్రోగ్రామే తర్వాత డీబేస్‌ 2గా మారింది. డీబేస్‌ 3 వచ్చింది 1984లో. ఫాక్స్‌ప్రో, క్లిపర్‌ కూడా ఆ బాటలో వచ్చినవే. అన్నీ సమాచారాన్ని డీబీఎఫ్‌ ఫైళ్లలోనే దాస్తాయి.

640 దాటని గీత

1981లో వచ్చిన ఐబీఎం పీసీలోని ప్రాసెసర్‌ చూడగలిగేది ఒక్క ఎంబీ, అంటే 1024 కేబీల మెమరీనే. అందులో పై 384 కేబీలు తెరకీ ఇతర పరికరాలకీ పోగా, ప్రోగ్రాములకి మిగిలింది 640. డాస్‌, మౌస్‌ డ్రైవరూ కూడా అందులోనే సర్దుకోవాలి. అంటే, ఎన్ని గదులున్న ఇల్లు కట్టినా పాత చుట్టం వసారా దాటి లోపలికి రానన్నట్టే! అందుకే ముందు వసారా ఖాళీ చేయాలి.

1991లో వచ్చిన ఎంఎస్‌-డాస్‌ 5 ఆ వీలు కల్పించింది. కాన్ఫిగ్‌.సిస్‌ అనే ఫైల్లో హిమెమ్‌.సిస్‌ని పిలిచి, 'డాస్‌=హై' అని రాస్తే డాస్‌లో చాలా భాగం ఒక ఎంబీ పైనున్న చోటికి వెళ్లిపోతుంది. ఈఎంఎం386 తోడైతే డ్రైవర్లని పై 384లోని ఖాళీల్లోకి పంపొచ్చు. తర్వాత 'మెమ్‌' అని కొడితే ఎంత మిగిలిందో తెలిసిపోతుంది.

మెమరీ ఉన్నా కొన్నిసార్లు 'ఫైళ్లు ఎక్కువయ్యాయి' అని మొరాయిస్తుంది. ఖాతాదారుల ఫైలు ఒకటి, దానికి మూడు ఇండెక్సులుంటే డీబేస్‌ లెక్కలో నాలుగు ఫైళ్లు. డాస్‌ తనంతట తాను ఇచ్చేది ఎనిమిదే. అందుకే అదే కాన్ఫిగ్‌.సిస్‌లో 'ఫైల్స్‌=40' అని రాయాలి. విండోస్‌ ఎక్స్‌పీలో అయితే ఈ మార్పు సిస్టమ్‌32 ఫోల్డర్లోని కాన్ఫిగ్‌.ఎన్‌టీలో చేయాలి.

కొత్త కంప్యూటర్లో ఎలా?

64 బిట్‌ విండోస్‌ ఈ ప్రోగ్రాముల్ని అసలు నడపదు. అక్కడ ఆదుకునేది 2002లో మొదలైన డాస్‌బాక్స్‌. ఇది కంప్యూటర్‌ లోపలే ఓ పాత కంప్యూటర్‌ని సృష్టించే ఉచిత సాఫ్ట్‌వేర్‌. దాని సెట్టింగుల్లో మెమరీ మామూలుగా 16 ఎంబీలుంటుంది. అది చాలు. ఎక్స్‌ఎంఎస్‌, ఈఎంఎస్‌ అనే రెండు రకాల అదనపు మెమరీనీ విడివిడిగా ఆపి చూడొచ్చు. ఒకదానికి నప్పింది మరొకదానికి నప్పదు. కాబట్టి ఒకసారికి ఒక్క మార్పే చేసి చూడాలి. ప్రాసెసర్‌ వేగం ఎక్కువైతే ఫాక్స్‌ప్రో 'సున్నాతో భాగించారు' అంటూ ఆగిపోవడమూ ఉంది. అప్పుడు డాస్‌బాక్స్‌లో సైకిల్స్‌ తగ్గించాలి. డాస్‌బాక్స్‌ని తయారుచేసింది ప్రధానంగా ఆటల కోసం. బిల్లుల ప్రింటింగ్‌ లాంటి పనులకి వీడాస్‌ మేలు.

ముందు కాపీ... తర్వాతే ప్రయోగం

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. ఆ ఫోల్డర్‌ మొత్తాన్నీ మరోచోట కాపీ చేసి పెట్టుకోవడం. డీబీఎఫ్‌తో పాటు మెమో వివరాలుండే డీబీటీ, ఎఫ్‌పీటీ ఫైళ్లనీ వదలకూడదు. ప్రయోగాలన్నీ ఆ కాపీ మీదే చేయాలి.

ప్రోగ్రామ్‌ ఎంతకీ నడవకపోయినా ఆశ వదులుకోనక్కర్లేదు. చాలా డీబీఎఫ్‌ ఫైళ్లని ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్‌ తెరుస్తుంది. వరసలూ గడులూ కనిపిస్తాయి. అయితే ఏ గడిలో ఉన్నది అసలో, ఏది వడ్డీయో, ఏ పొడి అక్షరానికి ఏం అర్థమో చెప్పాల్సింది మాత్రం ఆ ప్రోగ్రామ్‌ వాడిన మనిషే. ఆ పెద్దాయన పక్కనుండగానే ఈ పని పూర్తిచేసుకుంటే... పాత లెక్కలు పది కాలాలపాటు పదిలం!