నీలగిరి కొండ రైలు: నూరేళ్ళ నాటి యంత్రాన్ని నడుపుతూనే కాపాడడం ఎలా?

తమిళనాడులోని మెట్టుపాళయం నుంచి ఉదకమండలానికి, అంటే ఊటీకి, రైలు మార్గం పొడవు సుమారు 46 కిలోమీటర్లు. కొండ ఎక్కేటప్పుడు ఈ దూరాన్ని దాటడానికి నీలగిరి పర్వత రైలుకు దాదాపు అయిదు గంటలు పడుతుంది. దేశంలోకెల్లా నెమ్మదిగా నడిచే ప్రయాణికుల రైలుగా దీనికి పేరు. ఈ నెమ్మదికి కారణం ఇంజను పాతబడడం కాదు. సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తు నుంచి 2,203 మీటర్ల ఎత్తుకు పళ్ళచక్రం సాయంతో పాకే విధానమే ఆ వేగాన్ని నిర్ణయించింది.

2005లో యునెస్కో ఈ మార్గాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. అయితే కోటలా, ఆలయంలా ఇది నిలిచి ఉండే కట్టడం కాదు. రోజూ బరువు మోసే యంత్రం. నడిచే యంత్రం అరుగుతుంది. అరిగిన భాగాన్ని మార్చక తప్పదు. అలా మారుస్తూ పోతే అందులో పాతది ఎంత మిగులుతుంది? దేన్ని మార్చవచ్చు, దేన్ని మార్చకూడదు? ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే ముందుగా ఈ రైలు కొండ ఎలా ఎక్కుతుందో తెలుసుకోవాలి.

నున్నని చక్రానికి ఉన్న హద్దు

సాధారణ రైలు చక్రమూ, పట్టా కూడా ఉక్కువే, రెండూ నున్ననివే. సమతలంలో ఇదే రైలుకు బలం, ఎందుకంటే తక్కువ శక్తితో ఎక్కువ బరువును లాగవచ్చు. వాలు పెరిగేకొద్దీ అదే బలహీనత అవుతుంది. ఒక హద్దు దాటాక చక్రం ఉన్నచోటే తిరుగుతుంది తప్ప రైలు కదలదు. ముంబయి, పుణె నగరాల మధ్యనున్న భోర్ ఘాట్‌లో రైలు 37 మీటర్లు ముందుకు సాగితే ఒక మీటరు పైకెక్కుతుంది. ప్రధాన రైలు మార్గాల్లో అదే చాలా కఠినమైన వాలు. అక్కడ అదనపు ఇంజన్లను జోడించాల్సి వస్తుంది.

నీలగిరిలో అత్యధిక వాలు పన్నెండున్నర మీటర్లకు ఒక మీటరు.

ఇటువంటి చిక్కును దేశంలోని ఇతర కొండ రైళ్ళు వేరే మార్గాల్లో పరిష్కరించుకున్నాయి. 1881లో మొదలైన డార్జిలింగ్ రైలు కొండ చుట్టూ మెలికలు తిరుగుతూ, కొన్నిచోట్ల ముందుకూ వెనక్కూ నడుస్తూ ఎత్తుకు చేరుతుంది. 1903లో ప్రారంభమైన కాల్కా–సిమ్లా మార్గం వందకు పైగా సొరంగాలతో, లెక్కలేనన్ని మలుపులతో వాలును తగ్గించుకుంది. నీలగిరిలో మాత్రం ఇంజనీర్లు వాలును అలాగే ఉంచి, దానిని ఎక్కగలిగే యంత్రాన్ని ఎంచుకున్నారు.

మధ్యలో మూడో పట్టా

ఈ మార్గం గురించిన తొలి ప్రతిపాదన 1854 నాటిది. పని మొదలైంది మాత్రం 1891లో. 1899లో కూనూరు వరకూ, 1908లో ఉదకమండలం వరకూ రైలు చేరింది. ఈ జాప్యానికి కొండ స్వభావమే ప్రధాన కారణం. మొత్తం మార్గంలో 208 మలుపులు, 250 వంతెనలు, 16 సొరంగాలు ఉన్నాయి.

మెట్టుపాళయం నుంచి కల్లారు వరకూ పట్టాలు మామూలు మీటరు గేజి పట్టాలే. కల్లారు దాటగానే వాటి నడుమ పళ్ళున్న ఉక్కు కడ్డీలు మొదలై కూనూరు వరకూ సాగుతాయి. స్విట్జర్లాండ్ ఇంజనీరు రోమన్ ఆబ్ట్ 1880లలో రూపొందించిన విధానమిది. ఇందులో రెండు పళ్ళ కడ్డీలను పక్కపక్కనే అమరుస్తారు. ఒక కడ్డీలో పన్ను ఉన్నచోట రెండో దానిలో సందు ఉంటుంది. ఇంజను కింద ఉండే పళ్ళచక్రాలు ఈ రెండింటినీ పట్టుకుంటాయి కాబట్టి ఏ క్షణంలోనూ పట్టు పూర్తిగా వదలదు, కుదుపూ తగ్గుతుంది. ఈ భాగంలో రైలు వేగం గంటకు 13 కిలోమీటర్లకు మించదు.

ఒకే ఆవిరికి రెండు పనులు

స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్ నగరంలో తయారైన ఎక్స్ తరగతి ఇంజన్లు ఈ మార్గానికి ఆయువుపట్టు. వీటిలో తొలి విడత 1914 నుంచి 1925 వరకూ, మలి విడత 1952లో వచ్చాయి. ఇంజనుకు ఇరువైపులా ఒకదానిపై ఒకటిగా రెండేసి సిలిండర్లు కనిపిస్తాయి. వాలు తక్కువగా ఉన్నచోట అధిక పీడన సిలిండర్లు మాత్రమే పనిచేసి మామూలు చక్రాలను తిప్పుతాయి. పళ్ళ కడ్డీల భాగంలోకి ప్రవేశించాక, ఆ సిలిండర్లలో పని ముగించుకున్న ఆవిరిని బయటికి వదలకుండా అల్ప పీడన సిలిండర్లలోకి మళ్ళిస్తారు. అవి పళ్ళచక్రాలను తిప్పుతాయి. ఒకసారి వాడిన ఆవిరితోనే మరోసారి పని చేయించుకోవడం ఈ ఇంజను ప్రత్యేకత.

ఇంజను పెట్టెలను లాగదు. దిగువవైపు ఉండి పైకి నెడుతుంది. ఏదైనా లంకె తెగినా పెట్టెలు లోయవైపు జారిపోకుండా ఇంజను అడ్డుగా నిలవడానికే ఈ ఏర్పాటు. అందువల్ల ఎక్కేటప్పుడు అందరికంటే ముందు ఉండేది డ్రైవరు కాదు, మొదటి పెట్టె ముంగిట నిలబడిన రైల్వే ఉద్యోగి. దారిని గమనిస్తూ, జెండాలతో సంకేతాలిస్తూ ఆయనే డ్రైవరుకు కళ్ళవుతారు. ప్రతి పెట్టెకూ చేతి బ్రేకు, దానిని వేయడానికి ఒక మనిషి ఉంటారు. దిగేటప్పుడు వీరి బాధ్యత మరింత పెరుగుతుంది. బరువైన రైలును ఇంత వాలులో ఒక్క బ్రేకుపై ఆధారపడి దింపడం ప్రమాదకరం. పళ్ళచక్రపు ఆవిరి ఇంజన్లలో దిగేటప్పుడు సిలిండర్లను గాలిని కుదించే పంపుల్లా వాడి వేగాన్ని అదుపు చేసే పద్ధతి కూడా ఉంది.

మారినవి, మారనివి

ఈ మార్గంలో మార్పు కొత్త కాదు. తొలినాళ్ళలో నడిచినవి ఇంగ్లండ్‌లో తయారైన బేయర్ పీకాక్ ఇంజన్లు. వాటి స్థానంలోనే స్విస్ ఇంజన్లు వచ్చాయి. ఈ శతాబ్దం ఆరంభంలో బొగ్గుకు బదులు నూనెతో మండే ఇంజన్లను ప్రవేశపెట్టారు. బొగ్గు నిప్పురవ్వల వల్ల ఎండాకాలంలో అడవికి ముప్పు ఉండడం, కొండ ఎక్కేటప్పుడు ఎడతెగకుండా బొగ్గు ఎగదోయడం మనుషులకు భారమవడం అందుకు చెప్పుకునే కారణాల్లో కొన్ని. కూనూరు నుంచి ఊటీ వరకూ పళ్ళ కడ్డీలు లేవు. ఆ భాగంలో ఇప్పుడు డీజిల్ ఇంజనే రైలును నడుపుతోంది.

పాత ఇంజన్ల బాయిలర్లు, పళ్ళచక్రాలు అరిగిపోతే విడిభాగాలు బజారులో దొరకవు. పూర్వం తయారుచేసిన సంస్థ ఆవిరి ఇంజన్ల తయారీ మానేసి దశాబ్దాలు గడిచింది. అందుకే తిరుచ్చిరాపల్లిలోని గోల్డెన్ రాక్ రైల్వే కర్మాగారం 2011 నుంచి 2014 మధ్య నూనెతో నడిచే నాలుగు కొత్త ఎక్స్ తరగతి ఇంజన్లను తయారుచేసింది. 2021లో బొగ్గుతో నడిచే ఇంజనును కూడా నిర్మించింది. చూడడానికి నూరేళ్ళ నాటి రూపమే. ఉక్కు మాత్రం ఈనాటిది.

మరి ఇది వారసత్వమేనా? ఉక్కు వయసునే కొలమానంగా తీసుకుంటే కాదనే చెప్పాలి. కానీ నీలగిరి రైలు విలువ, కొండకు తగిన విధంగా కుదిరిన ఒక సాంకేతిక విధానంలో ఉంది. మూడో పట్టా, దానిని పట్టుకునే పళ్ళచక్రం, ఒకే ఆవిరితో రెండు జతల సిలిండర్లను నడపడం, దిగువ నుంచి నెట్టే ఇంజను, ప్రతి పెట్టెకూ ఒక బ్రేకు మనిషి: ఇవి ఉన్నంతవరకూ బాయిలరు కొత్తదైనా రైలు అదే. వీటిని తీసివేసి, అలంకారంగా పొగగొట్టం మాత్రం మిగిల్చితే పాత ఇంజను ఉన్నా రైలు అది కాదు. ఈ కొలత ప్రకారం, పళ్ళ కడ్డీలు లేని ఎగువ భాగంలో డీజిల్ ఇంజను వాడకం వల్ల కొంత అందం తగ్గినా మూల విధానానికి భంగం లేదు. కల్లారు, కూనూరు మధ్య అదే పని చేస్తే నష్టం పూడ్చలేనిది.

అసలు ముప్పు ఎక్కడ?

మొదటి ముప్పు వాన. ఈశాన్య రుతుపవనాల కాలంలో, ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ, కొండచరియలు విరిగిపడి పట్టాలు మూసుకుపోతుంటాయి. 2009 నవంబరులో నీలగిరి జిల్లాను కుదిపేసిన వర్షాల తరువాత ఈ మార్గం నెలల తరబడి మూతపడింది. పళ్ళ కడ్డీలు వంగితే వాటిని సరిగ్గా అమర్చాకే రైలు కదలాలి. కొద్దిపాటి తేడా ఉన్నా పళ్ళచక్రం సరిగ్గా కూర్చోదు.

రెండోది ఒంటరితనం. 1990ల నుంచి దేశంలోని మీటరు గేజి మార్గాలను క్రమంగా బ్రాడ్ గేజికి మార్చారు. మెట్టుపాళయం వరకూ వచ్చే రైళ్ళు కూడా బ్రాడ్ గేజివే. ఫలితంగా నీలగిరి మార్గం ఒక చిన్న ద్వీపంలా మిగిలింది. పెద్ద మరమ్మతు అవసరమైన ఇంజనును పట్టాలపై పంపే వీలు లేదు. లారీపై ఎక్కించి రోడ్డు మార్గాన తిరుచ్చికి తరలించాలి.

మూడోది పనితనం. ఆవిరి పీడనాన్ని చూసి, చెవితో విని ఇంజను పరిస్థితిని గ్రహించే నేర్పు పుస్తకాలతో మాత్రమే రాదు. కూనూరు లోకో షెడ్డులో ఒక తరం మరో తరానికి చేతితో నేర్పుతుంది. కొత్త ఇంజను నిర్మాణంలోని అసలు ప్రయోజనం ఇక్కడే కనిపిస్తుంది. దానిని తయారుచేసిన ప్రతిసారీ ఆ నేర్పు మరికొందరికి అబ్బుతుంది.

ఊటీ వెళ్ళే యాత్రికులు ఎక్కువగా కిటికీలోంచి తేయాకు తోటలను, లోయలను చూస్తారు. కల్లారు వద్ద ఒకసారి కిందికి, పట్టాల నడుమకు చూస్తే పళ్ళ కడ్డీలు మొదలయ్యే చోటు కనిపిస్తుంది. కూనూరులో ఇంజను మార్చే వేళ దగ్గరికి వెళితే ఒకదానిపై ఒకటి ఉన్న సిలిండర్లు, పక్కనే నూనె మరకల చేతులతో పనిచేసే సిబ్బంది కనిపిస్తారు. 1899 నుంచి రైలును ఆ కొండపైకి చేరుస్తున్నది ఆ కడ్డీలు, ఆ చేతులే.